మంచు జాడ, వాన లెక్క: మేఘాల్లోని సన్నని మంచుకణాల గురించి కాంతి ఇచ్చే సాక్ష్యం

సారాంశం

నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య ఉన్న శిరివెళ్ల వంటి ప్రాంతాల్లో ఆకాశం చూసి వానను అంచనా కట్టడం సేద్యంలో ఒక భాగం. ఎత్తైన మేఘాల్లోని మంచుకణాలను కాంతి పరిక్షేపణం ఆధారంగా ఎలా గుర్తిస్తారో, ఆ గుర్తింపు ఎంతవరకు నమ్మదగినదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తిరుపతి సమీపంలోని గాదంకి లైడార్ (లేజర్ కాంతితో కొలిచే పరికరం) రికార్డు, హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ల కొలతలు, మేఘాల్లోకి విమానాలతో వెళ్లి చేసిన పరిశీలనలు ఇందుకు ప్రధాన ఆధారాలు. మేఘంలో మంచు ఉందా లేదా అన్న ప్రశ్నకు కాంతి గట్టి జవాబే ఇస్తుంది. ఆ మంచు ఏ ఆకారంలో ఉంది, ఎంత ఉంది అన్నచోట జవాబు కొన్ని ఊహలపై ఆధారపడుతుంది. మంచు ఉంది కాబట్టి వాన వస్తుందన్నది పూర్తిగా వేరే వాదన. దానికి వేరే సాక్ష్యం కావాలి.

1. చంద్రుడి చుట్టూ రెండు రకాల గుళ్లు

శిరివెళ్లకు తూర్పున నల్లమల, పడమటి వైపు కుందూ నది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఇక్కడి పంటలను నిర్ణయిస్తాయి. మోడం పట్టిందా, పదును అయ్యే వాన పడుతుందా అన్నది విత్తనం వేసే రోజుల్లో అందరి నోటా వినబడే మాట. ఇలాంటి చోట తరతరాలుగా చెప్పుకొనే సామెత ఒకటుంది: ‘దూరపు గుడి దగ్గర వాన, దగ్గరి గుడి దూరపు వాన’. చంద్రుడికి ఎడంగా గుడి, అంటే వెలుగు వలయం, కడితే వాన త్వరలో వస్తుందని, అంటిపెట్టుకుని కడితే ఇప్పట్లో రాదని దీని భావం.

ఈ సామెతలో రెండు భాగాలున్నాయి. రెండు రకాల గుళ్లు ఉన్నాయన్నది మొదటిది. అది పరిశీలన. వాటిని బట్టి వాన ఎప్పుడొస్తుందో చెప్పవచ్చన్నది రెండోది. అది అంచనా. మొదటి భాగాన్ని భౌతికశాస్త్రం స్పష్టంగా సమర్థిస్తుంది. రెండో భాగాన్ని పరీక్షకు పెట్టాలి.

దూరపు గుడికి కారణం మంచు స్ఫటికాలు. మంచు స్ఫటికం సాధారణంగా ఆరు పలకల పట్టకంలా పెరుగుతుంది. ఒక పలకలోంచి లోపలికి వెళ్లిన కాంతి, మధ్యలో ఒక పలకను వదిలి ఆ తర్వాతి దానిలోంచి బయటికి వస్తే, అది 60 డిగ్రీల కోణమున్న పట్టకం గుండా ప్రయాణించినట్టే. దృశ్యకాంతికి మంచు వక్రీభవన గుణకం సుమారు 1.31. ఈ రెండు విలువలతో లెక్కకడితే కాంతి వంగే కనిష్ఠ కోణం దాదాపు 22 డిగ్రీలు వస్తుంది. స్ఫటికాలు గాలిలో ఎన్ని దిక్కులకు తిరిగి ఉన్నా, ఈ కనిష్ఠ కోణం దగ్గరే ఎక్కువ కాంతి పోగవుతుంది. అందుకే చంద్రుడికి 22 డిగ్రీల ఎడంలో వలయం కనిపిస్తుంది. ఎరుపు కాంతి తక్కువగా వంగుతుంది కాబట్టి వలయం లోపలి అంచు ఎర్రగా ఉంటుంది.

దగ్గరి గుడికి కారణం వేరు. సన్నని నీటి బిందువుల అంచుల దగ్గర కాంతి వివర్తనం చెందడం వల్ల అది ఏర్పడుతుంది. బిందువు వ్యాసం 20 మైక్రాన్లుంటే వెలుగు వలయం చుట్టూ వచ్చే మొదటి చీకటి అంచు సుమారు 2 డిగ్రీల దూరంలో ఉంటుంది. బిందువు 10 మైక్రాన్లకు తగ్గితే ఆ దూరం దాదాపు 4 డిగ్రీలకు పెరుగుతుంది. ఈ వలయంలో ఎరుపు బయటి అంచున ఉంటుంది.

ఈ రెంటినీ విడదీయడానికి పరికరం అక్కర్లేదు. చేతిని పూర్తిగా చాచి జాన పెడితే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస వరకు ఆకాశంలో సుమారు 20 డిగ్రీలు. చంద్రుడి నుంచి జానెడు ఎడంలో, లోపలి అంచు ఎర్రగా ఉన్న వలయం కనిపిస్తే అక్కడ మంచు ఉన్నట్టే. రెండు మూడు వేళ్ల వెడల్పు లోపలే, బయటి అంచు ఎర్రగా ఉంటే అది చాలా సందర్భాల్లో నీటి బిందువుల పని. బాగా సన్నని మంచుకణాలు కూడా అరుదుగా ఇలాంటి దగ్గరి వలయాన్ని కట్టగలవు. కాబట్టి రెండో గుర్తింపు మొదటిదానంత గట్టిది కాదు.

2. గుడి నుంచి వానకు: అంచనాకు కావలసిన పరీక్ష

ఎత్తైన మంచు మేఘానికీ వానకూ సంబంధం ఉండే అవకాశం ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడినప్పుడు దాని పైభాగం నుంచి మంచు మేఘం వందల కిలోమీటర్లు ముందుకు పరచుకుంటుంది. అటువంటి రోజుల్లో దూరపు గుడి కనిపించి, ఒకటి రెండు రోజుల్లో వాన పడటం సహజం. కానీ జూలై, ఆగస్టు నెలల్లో దక్షిణ భారతం మీద 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు బలమైన గాలి ప్రవాహం సాగుతుంది. ఎక్కడో సముద్రం మీద లేచిన ఉరుము మేఘాల మంచును అది రాయలసీమ మీదుగా మోసుకొస్తుంది. ఆ మంచుతోనూ గుడి కట్టవచ్చు. వాన మాత్రం వందల కిలోమీటర్ల అవతలే కురిసి ఉంటుంది.

ఇలాంటి అంచనాలను పరీక్షించేటప్పుడు మరచిపోరాని లెక్క ఒకటుంది. ఉదాహరణకు ఒక నెలలో 30 రోజులకు 10 రోజులు వాన పడుతుందనుకుందాం. వాన రోజులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయనీ అనుకుందాం. అప్పుడు ఏ రోజు తీసుకున్నా, ఆ తర్వాతి రెండు రోజుల్లో కనీసం ఒకసారి వాన పడే అవకాశం దాదాపు 56 శాతం. అంటే గుడికీ వానకూ ఏ సంబంధమూ లేకపోయినా, గుడి కట్టిన సందర్భాల్లో సగానికి పైగా ‘సామెత నిజమైంది’ అనిపిస్తుంది. నిజమైన వాన రోజులు గుంపులుగా వస్తాయి కాబట్టి అసలు సంఖ్య కొంత మారుతుంది. అయినా తర్కం అదే.

కాబట్టి గుడి కట్టి వాన పడిన రోజులను మాత్రమే లెక్కపెడితే చాలదు. గుడి కట్టినా వాన పడనివి, గుడి కట్టకపోయినా వాన పడినవి, రెండూ లేనివి కూడా రాయాలి. వెన్నెల ఉన్న రాత్రుల్లోనే గుడి కనిపిస్తుంది కాబట్టి, పోలికకు తీసుకునే మిగతా రాత్రులూ వెన్నెల రాత్రులే అయి ఉండాలి. వాన లెక్కకు మండల కేంద్రాల్లో రోజూ ఉదయం 8.30కు నమోదు చేసే వర్షమాపకం కొలత సరిపోతుంది. శిరివెళ్ల ఉన్నత పాఠశాల విద్యార్థులు కూడా కొన్నేళ్లపాటు నడపగల పరిశోధన ఇది. ఫలితం సామెతకు అనుకూలంగా వచ్చినా, వ్యతిరేకంగా వచ్చినా విలువైనదే.

3. గాదంకిలో కాంతిని పైకి పంపి

కంటికి కనిపించే దూరపు గుడి మంచు ఉందని చెబుతుంది. ఎంత ఎత్తులో, ఎంత మందంలో ఉందో చెప్పదు. కంటికి అసలు కనిపించనంత పలచని మంచు మేఘాల సంగతీ చెప్పదు. అందుకు లైడార్ కావాలి.

తిరుపతి సమీపంలోని గాదంకి రాయలసీమ వాతావరణ పరిశోధనకు కేంద్రం. 1990ల మొదట్లో ఇక్కడ పెద్ద వాతావరణ రాడార్ పని మొదలుపెట్టింది. ఆ సంస్థే 2005లో అంతరిక్ష శాఖ కింద జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది. 1998లో జపాన్ సహకారంతో ఇక్కడ లైడార్‌ను నెలకొల్పారు. 532 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఆకుపచ్చ లేజర్ కాంతిని ఇది నిట్టనిలువుగా ఆకాశంలోకి పంపుతుంది. గాలి అణువులు, ధూళికణాలు, మంచుకణాలు వెనక్కి చెదరగొట్టిన కొద్దిపాటి కాంతిని టెలిస్కోపులతో పట్టుకుంటారు.

పంపిన కాంతి తిరిగి వచ్చిన సమయాన్ని బట్టి ఎత్తు తెలుస్తుంది. 15 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి తిరిగి రావడానికి కాంతికి పట్టేది సుమారు 100 మైక్రోసెకన్లు. గాదంకి లైడార్ తన కొలతను 300 మీటర్ల పొరలుగా విడదీస్తుంది. అంటే రెండు మైక్రోసెకన్లకు ఒక పొర. మేఘం లేని ఎత్తులో వచ్చే సంకేతం గాలి అణువులది. గాలి సాంద్రత తెలిస్తే ఆ విలువను లెక్కకట్టవచ్చు. దానికన్నా సంకేతం ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడ కణాలున్నట్టు.

ఈ పద్ధతికి రెండు సహజమైన పరిమితులున్నాయి. పగటి వెలుతురులో ఈ బలహీనమైన సంకేతం మునిగిపోతుంది కాబట్టి రాత్రివేళ పరిశీలనలే ఎక్కువ. కింద దట్టమైన నీటి మేఘం ఉంటే లేజర్ దాన్ని దాటి పైకి పోలేదు. రుతుపవన కాలంలో మేఘావృతమైన రాత్రులు లెక్కలోంచి జారిపోతాయి. ఉరుము మేఘాలు దగ్గరలో ఉండి, పైన మంచు పుష్కలంగా ఉండే రాత్రులు కూడా అవే. కాబట్టి గాదంకి రికార్డు ‘అన్ని రాత్రుల’ చిత్రం కాదు. కింది ఆకాశం తేటగా ఉన్న రాత్రుల చిత్రం.

4. నీరా, మంచా: ధ్రువణం చెప్పే తేడా

మైనస్ 38 డిగ్రీల సెల్సియస్ వరకు మేఘంలోని నీరు గడ్డకట్టకుండా ఉండగలదు. సున్నా డిగ్రీలకు దిగువన ఉంది కాబట్టి అది మంచే అనుకోవడం తప్పవుతుంది. దక్షిణ భారతంలో రుతుపవన కాలంలో సున్నా డిగ్రీల మట్టం సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి మైనస్ 38 డిగ్రీల మట్టం వరకు నీరూ మంచూ కలిసి ఉండవచ్చు. ఈ తేడాను పట్టే మార్గం కాంతి ధ్రువణం.

లేజర్ కాంతి ఒకే తలంలో కంపిస్తూ వెళ్తుంది. గుండ్రని నీటి బిందువు దాన్ని సూటిగా వెనక్కి చెదరగొట్టినప్పుడు ఆ తలం మారదు. ఆరు పలకల మంచుకణంలో కాంతి లోలోపల పలుమార్లు పరావర్తనం చెంది బయటికి వస్తుంది. ఆ దారిలో కంపన తలం తిరుగుతుంది. గాదంకి లైడార్ తిరిగి వచ్చిన కాంతిని పాత తలంలో ఉన్నది, దానికి లంబంగా మారినది అని రెండుగా విడదీసి కొలుస్తుంది. లంబమైన దాన్ని పాత తలంలోని దానితో భాగిస్తే వచ్చేది డీపోలరైజేషన్ నిష్పత్తి. నీటి బిందువులకు ఇది సున్నాకు దగ్గరగా, మంచుకణాలకు సాధారణంగా 0.2 నుంచి 0.5 వరకు ఉంటుంది.

ఈ నియమానికి మినహాయింపులున్నాయి. వాటిని పట్టించుకోకపోతే తప్పు నిర్ధారణకు వస్తాం. దట్టమైన నీటి మేఘంలో కాంతి ఒక బిందువు నుంచి మరో బిందువుకు తగిలి వస్తే నిష్పత్తి పెరిగి, మంచులా కనిపించవచ్చు. ఎడారి ధూళి కూడా మంచులాంటి విలువలే ఇస్తుంది. ఎత్తు, ఉష్ణోగ్రతలను కలిపి చూసి దాన్ని వేరుచేయాలి. అన్నిటికన్నా చిక్కు తెచ్చేవి పలుచని బిళ్లల్లాంటి మంచు స్ఫటికాలు. ఇవి కిందికి దిగేటప్పుడు నేలకు సమాంతరంగా పరుచుకుంటాయి. నిట్టనిలువుగా వచ్చిన లేజర్‌ను అద్దంలా తిప్పికొడతాయి. ధ్రువణం మారదు. అప్పుడు మంచే నీరులా కనిపిస్తుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. 2006 ఏప్రిల్ 28న ప్రయోగించిన కాలిప్సో ఉపగ్రహంలోని లైడార్ మొదట దాదాపు నిట్టనిలువుగానే కిందికి చూసేది. ఇలాంటి అద్దపు మెరుపులు కొలతలను చెడగొడుతుండటంతో 2007 నవంబరులో దాని చూపును 0.3 డిగ్రీల నుంచి 3 డిగ్రీలకు వంచారు. ఆ చిన్న వంపుతో మెరుపులు బాగా తగ్గాయి. నిట్టనిలువుగా చూసే ఏ లైడార్ రికార్డును చదివేటప్పుడైనా ఈ పాఠం గుర్తుంచుకోవాలి. నిష్పత్తి ఎక్కువగా ఉంటే మంచు ఉందనడానికి అది గట్టి సాక్ష్యమే. తక్కువగా ఉన్నంత మాత్రాన మంచు లేదనడానికి వీల్లేదు.

5. పదహారేళ్ల రికార్డు: ఏం చెబుతోంది, ఎంత గట్టిగా

ఎ.కె. పండిట్, హెచ్.ఎస్. గాధవి, వారి సహచరులు 1998 నుంచి 2013 వరకు గాదంకి లైడార్ చూసిన సిర్రస్ మేఘాలను (ఎత్తైన మంచు మేఘాలను) విశ్లేషించి 2015లో అట్మాస్ఫెరిక్ కెమిస్ట్రీ అండ్ ఫిజిక్స్ పత్రికలో ప్రచురించారు. మేఘాల్లో 50 నుంచి 55 శాతం వరకు 2 కిలోమీటర్లకన్నా తక్కువ మందంగలవని తేల్చారు. ఈ ఫలితాలను 2006 జూన్ నుంచి 2013 చివరి వరకు కాలిప్సో ఇచ్చిన వాటితో పోల్చారు. ఒకటి నేల మీది నుంచి పైకి, మరొకటి అంతరిక్షం నుంచి కిందికి చూసినా రెండూ చాలావరకు ఏకీభవించాయి. కంటికి కనిపించని మేఘాలను మాత్రం నేల మీది లైడారే ఎక్కువగా పట్టుకుంది.

కంటికి కనిపించని మేఘమంటే ఆప్టికల్ డెప్త్ (మేఘం కాంతిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) 0.03కన్నా తక్కువ ఉన్నది. అంత పలచని మేఘం తన మీద పడిన కాంతిలో 97 శాతానికి పైగా నేరుగా పోనిస్తుంది. 0.03 నుంచి 0.3 వరకు పలచని మేఘం, ఆపైన దట్టమైనది. కనిపించని మేఘాలు ఎండను దాదాపు అడ్డుకోవు. భూమి నుంచి పైకి పోయే ఉష్ణ వికిరణాన్ని మాత్రం కొంత పట్టి ఉంచుతాయి. అందుకే భూతాపం లెక్కల్లో వాటికి ప్రాధాన్యం ఉంది.

ఈ పరిశోధనలో ఎక్కువ దృష్టిని ఆకర్షించిన ఫలితాలు రెండు. కనిపించని సిర్రస్ మేఘాల నడిమి ఎత్తు ఏడాదికి సగటున 41 మీటర్ల చొప్పున, అటూ ఇటూగా 21 మీటర్ల అనిశ్చితితో, పెరుగుతోంది. మొత్తం మేఘాల్లో వీటి వాటా ఆ పదహారేళ్లలో 9 శాతం పెరిగింది. పలచని మేఘాల వాటా 7 శాతం తగ్గింది.

మొదటి ఫలితాన్ని విప్పి చూద్దాం. ఏడాదికి 41 మీటర్లంటే పదహారేళ్లకు సుమారు 650 మీటర్లు. ఇచ్చిన అనిశ్చితి ప్రకారం ఇది 320 మీటర్లు కావచ్చు, 990 మీటర్లూ కావచ్చు. ఎత్తు పెరుగుతోందన్న దిశ మీద నమ్మకం ఉంచవచ్చు. పెరిగే వేగం మీద అంత నమ్మకం తగదు. లైడార్ పొర మందమే 300 మీటర్లు కదా అన్న సందేహం న్యాయమైనదే. అయితే ఎన్నో మేఘాల సగటు ఒక్కో కొలత కన్నా సూక్ష్మంగా ఉండగలదు. కాబట్టి ఆ కారణంగా ఫలితాన్ని తోసిపుచ్చలేం.

రెండో ఫలితం విషయంలో ఇంకొంత జాగ్రత్త అవసరం. 0.03 దగ్గర గీసిన గీతకు ఇటూ అటూ మేఘాలు మారడమే ఇక్కడి మార్పు. ఆప్టికల్ డెప్త్‌ను లైడార్ నేరుగా కొలవదు. వెనక్కి వచ్చిన కాంతికీ, మేఘం మొత్తంగా అడ్డుకున్న కాంతికీ మధ్య ఉండే నిష్పత్తి తెలిస్తేనే లెక్క వస్తుంది. పలచని మేఘాల్లో ఈ నిష్పత్తిని తరచు ఊహించుకోవాల్సి వస్తుంది. దాన్ని 25 అనుకుంటే 0.025గా తేలే మేఘం, 32 అనుకుంటే 0.032 అవుతుంది. ఒకే మేఘం ఒక లెక్కలో కనిపించనిది, మరో లెక్కలో పలచనిది. ఊహ పదహారేళ్లూ ఒకేలా ఉంటే దానంతట అది ధోరణిని పుట్టించదు. కానీ ఆ కాలంలో మంచుకణాల ఆకారమే మారి ఉంటే ఆ మార్పు ఆప్టికల్ డెప్త్‌లో మార్పుగా వేషం మార్చుకుని రాగలదు.

పరికరం సంగతీ అడగాలి. ఈ కాలం మధ్యలో గాదంకి లేజర్ సెకనుకు 20 కాంతి స్పందనల నుంచి 50కి పెరిగింది. బలమైన సంకేతం మరింత పలచని మేఘాలను పట్టగలదు. అటువంటివి ఎత్తుమీదే ఎక్కువ. కాబట్టి దీర్ఘకాల ధోరణుల్లో ప్రకృతి మార్పునూ పరికరం మార్పునూ విడదీసి చూపడం ఈ రంగంలో అన్నిటికన్నా కష్టమైన పని. ఎత్తు పెరుగుదల వాతావరణ నమూనాల అంచనాతో సరిపోతోందని పరిశోధకులు చూపారు. అది ఫలితానికి బలమిస్తుంది. అదే తుది రుజువు మాత్రం కాదు.

2024 మే 28న ప్రయోగించిన యూరప్, జపాన్‌ల ఎర్త్‌కేర్ ఉపగ్రహ లైడార్ గాలి అణువుల సంకేతాన్నీ కణాల సంకేతాన్నీ విడివిడిగా కొలుస్తుంది. ఆ నిష్పత్తిని ఊహించాల్సిన పని లేకుండా కొలతగానే ఇవ్వగలదు. గాదంకి పాత రికార్డులోని ఊహలను సరిచూసుకోవడానికి ఇది మంచి అవకాశం.

6. మేఘంలోకే వెళ్లి చూస్తే

దూరం నుంచి చూసినప్పుడు వచ్చే సందేహాలను తీర్చుకోవడానికి మేఘంలోకే పరికరాన్ని పంపవచ్చు. హైదరాబాద్‌లోని టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచీ, గాదంకి నుంచీ 2014 తర్వాత నాసా, ఇస్రోల ఉమ్మడి పరిశోధనలో భాగంగా బెలూన్లు ఎగరేశారు. ఆసియా రుతుపవన కాలంలో 13 నుంచి 18 కిలోమీటర్ల మధ్య ఏర్పడే సన్నని ధూళికణాల (ఏరోసాల్) పొరను అర్థం చేసుకోవడం వాటి లక్ష్యం. మంచు మేఘాలుండే ఎత్తు కూడా అదే. కాబట్టి ధూళిని మంచుగా, మంచును ధూళిగా పొరబడే ప్రమాదం ఉంది. కొన్ని బెలూన్లు మోసుకెళ్లిన చిన్న పరికరం 455, 940 నానోమీటర్ల రెండు రంగుల కాంతిని చల్లి, తిరిగి వచ్చినదాన్ని కొలుస్తుంది. మైక్రాన్‌లో చిన్న వంతు ఉండే ధూళికణం నీలి కాంతినే ఎక్కువ చెదరగొడుతుంది. అంతకన్నా పెద్దదైన మంచుకణం రెండు రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడుతుంది. ఈ తేడాతో రెంటినీ విడదీస్తారు.

విమానాలకు అమర్చే పరికరాలు ఒక్కో కణాన్ని విడిగా చూస్తాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ 2009లో ప్రారంభించిన కైపీక్స్ కార్యక్రమం హైదరాబాద్‌ను కూడా స్థావరంగా చేసుకుని మేఘాల్లోకి విమానాలు నడిపింది. 2011లో మహబూబ్‌నగర్‌లో నేల మీది పరిశీలనలూ జరిపింది. ఇలాంటి విమానాల్లో వాడే బిందువుల కొలత పరికరం, కణం ముందువైపు 4 నుంచి 12 డిగ్రీల కోణంలో చెదరగొట్టిన లేజర్ కాంతిని కొలిచి, దాన్నుంచి పరిమాణాన్ని లెక్కకడుతుంది. కణం గుండ్రటి నీటి బిందువన్నది ఆ లెక్కకు మూలం. మంచుకణం వచ్చినప్పుడు ఆ సంఖ్య తప్పుతుంది.

ఈ లోపాన్ని అధిగమించడానికి ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయం సన్నని మంచుకణాలను గుర్తించే పరికరాలను రూపొందించింది. చెదిరిన కాంతిని ఒక్క సంఖ్యగా కాక ఒక చిత్రంగా తీస్తాయి ఇవి. నీటి బిందువైతే ఒకదానిలో ఒకటి ఒదిగిన వలయాలు కనిపిస్తాయి. నునుపైన ఆరు పలకల స్ఫటికమైతే క్రమమైన చాపాలు, కిరణాలు కనిపిస్తాయి. గరుకైన కణమైతే క్రమం లేని చుక్కలే. కణం పదుల మైక్రాన్లే ఉన్నా, సూక్ష్మదర్శినికి అందని ఉపరితల గరుకుదనాన్ని ఈ చుక్కలు బయటపెడతాయి. జర్మనీలోని కార్ల్‌స్రూలో ఉన్న మేఘ ప్రయోగ గదిలోనూ, మంచుతో సమానమైన వక్రీభవన గుణకమున్న సోడియం ఫ్లోరోసిలికేట్ స్ఫటికాలతోనూ ఈ పద్ధతిని సరిచూశారు.

ఈ పరిశీలనల్లో తేలిన ముఖ్యమైన సంగతి, వాతావరణంలోని మంచుకణాల్లో అత్యధిక భాగం పాఠ్యపుస్తకాల బొమ్మల్లా నునుపుగా ఉండవన్నది. దీని పర్యవసానం పెద్దది. నునుపైన కణం కాంతిని ఎక్కువగా ముందుకే పంపుతుంది. ఆ ధోరణిని కొలిచే అసమానత సూచిక దానికి 0.8 దాపుల ఉంటే, గరుకు కణాలకు 0.75 వరకు తగ్గుతుంది. అంటే గరుకు కణాల మేఘం ఎండను మరికొంత ఎక్కువగా ఆకాశంలోకి తిప్పిపంపుతుంది. ఆకాశంలో ఎన్నోసార్లు సిర్రస్ కమ్మినా జానెడు ఎడంలో గుడి కట్టకపోవడానికి కూడా ఇది ఒక వివరణ. గరుకు ముఖాలు కాంతిని ఒకే కోణంలో పోగుచేయలేవు. గుడి లేనంత మాత్రాన మంచు లేదనుకోరాదు.

విమాన కొలతల్లో ఇంకో చిక్కు ఉంది. వేగంగా దూసుకెళ్లే పరికరం అంచులకు పెద్ద మంచుకణాలు తగిలి పగిలి, ఆ తునకలు చిన్న కణాలుగా లెక్కలోకి ఎక్కుతాయి. అంచుల ఆకారాన్ని మార్చి, కణాలు వరుసగా వచ్చే వ్యవధిని బట్టి తునకలను ఏరివేసిన తర్వాత, పాత కొలతల్లో చిన్న మంచుకణాల సంఖ్య చాలా సందర్భాల్లో ఉన్నదానికన్నా ఎక్కువగా నమోదైందని తేలింది. ఏ పరికరంతో, ఏ దిద్దుబాటుతో కొలిచారో చెప్పని మంచుకణాల సంఖ్యను ఆధారంగా తీసుకోరాదు.

7. మేఘమథనానికి ఈ సాక్ష్యం ఏ మేరకు

2000ల దశకంలో రాయలసీమ జిల్లాల్లో మేఘమథనం పేరుతో కృత్రిమ వర్షాల కార్యక్రమం నడిచింది. కరువు ప్రాంతంలో ఆ ప్రయత్నం పట్ల ఆశ పెట్టుకోవడం న్యాయమే. ఆశను సాక్ష్యంతో కలపకుండా ఉంచుకోవడం కూడా అంతే అవసరం.

మేఘమథనంలో రెండు దారులున్నాయి. సిల్వర్ అయొడైడ్ స్ఫటిక నిర్మాణం మంచును పోలి ఉంటుంది. సున్నాకు దిగువన గడ్డకట్టకుండా ఉన్న నీటిని అది మంచుగా మార్చుతుందని బెర్నార్డ్ వానెగట్ 1946లో గుర్తించాడు. రెండోది కాల్షియం క్లోరైడ్ వంటి తేమ పీల్చే లవణాలను మేఘం అడుగున వదిలి, బిందువులను పెంచే దారి. ఇందులో మంచు ప్రమేయం నేరుగా లేదు.

మొదటి దారి పనిచేయాలంటే మేఘంలో ఇలా గడ్డకట్టని అతిశీతల నీరు తగినంత ఉండాలి. సహజమైన మంచు అప్పటికే పుష్కలంగా ఉంటే అదనపు మంచుతో వాన పెరుగుతుందనడానికి ఆధారం బలహీనపడుతుంది. ఈ షరతు తీరిందో లేదో చెప్పగలిగేవి ధ్రువణ లైడార్, కణాల చిత్రాలు తీసే పరికరాలు. లైడార్ చూసే 15 కిలోమీటర్ల ఎత్తు సిర్రస్ మేఘాలు మథనానికి లక్ష్యాలు కావు. ఆ పని జరిగేది 5 కిలోమీటర్ల మట్టానికి పైన, నిలువుగా పెరుగుతున్న మేఘాల్లో. ఈ రెంటినీ కలిపి మాట్లాడితే వాదన తప్పుదారి పడుతుంది.

కైపీక్స్ 2018, 2019 సంవత్సరాల్లో మహారాష్ట్రలోని సోలాపూర్ వానచాటు ప్రాంతంలో చేసిన ప్రయోగం ఈ విషయంలో ఆదర్శం. లవణం చల్లాల్సిన మేఘాలను యాదృచ్ఛికంగా ఎంచుకుని, చల్లనివాటితో పోల్చారు. కొన్నిచోట్ల వాన 46 శాతం, అటూ ఇటూగా 13 శాతం, పెరిగిందనీ, గాలి వాలున వంద చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో సగటున 18 శాతం పెరిగిందనీ నివేదించారు. ఆ ఫలితం లవణాల దారికీ, అక్కడి మేఘాలకూ చెందినది. నల్లమల చాటున ఉన్న నంద్యాల మేఘాలకూ, సిల్వర్ అయొడైడ్‌కూ దాన్ని నేరుగా వర్తింపజేయలేం. పద్ధతిని మాత్రం తెచ్చుకోవచ్చు, తెచ్చుకోవాలి.

8. నిర్ధారణలు

ఈ పరిశీలన నుంచి తేలిన వాటిని నమ్మకం తగ్గే క్రమంలో చెప్పవచ్చు. మేఘంలో మంచు ఉందని కాంతి నిశ్చయంగా చెప్పగలదు. జానెడు ఎడంలోని గుడి, ఎక్కువ డీపోలరైజేషన్ నిష్పత్తి రెండూ గట్టి సాక్ష్యాలు. గుడి కట్టకపోయినా, నిష్పత్తి తక్కువైనా మంచు లేదని మాత్రం చెప్పలేం. దక్షిణ భారతం మీద కంటికందని మంచు మేఘాలు పైకి జరుగుతున్నాయన్న ధోరణికి గాదంకి రికార్డు మంచి ఆధారం. ఎంత వేగంగా అన్నది ఇంకా విశాలమైన హద్దుల మధ్యే ఉంది. మంచుకణాల సంఖ్య, ఆకారం గురించిన ప్రకటనలు పరికరాన్నీ దిద్దుబాటునూ బట్టి మారతాయి. మంచు కనిపించడాన్ని బట్టి శిరివెళ్లలో వాన పడుతుందని చెప్పడానికి, గుడి ఉన్న రాత్రులనూ లేని రాత్రులనూ కలిపి రాసిన రికార్డు కావాలి.

రాయలసీమలో మళ్లీ ఎప్పుడైనా మేఘమథనం తలపెడితే ప్రజలు మూడు ప్రశ్నలు అడగాలి. చల్లే ముందు మేఘంలో అతిశీతల నీరు ఉందని కొలిచారా? చల్లే మేఘాలను యాదృచ్ఛికంగా ఎంచారా? చల్లిన వాటి వివరాలతోపాటు చల్లనివాటి వివరాలు కూడా ప్రచురిస్తారా? ఈ మూడింటికీ అవునన్న జవాబు రానంతకాలం, ఆ తర్వాత పడిన వానను మథనం ఖాతాలో రాయడానికి శాస్త్రం అనుమతించదు. ఒక్కో తడి మీద పంట ఆధారపడిన రైతుకు నిజమైన లెక్క చెప్పడం పరిశోధకుల బాధ్యత.